బీపీ మాత్రలు వాడుతూ వయాగ్రా వంటివి వేసుకునేవారు దాచకూడని సంగతి

గత నెలలో ఒక రాత్రి మా అత్యవసర విభాగానికి 58 ఏళ్ల వ్యక్తిని తీసుకువచ్చారు. పెళ్లింట్లో ఉండగా ఛాతీ బరువెక్కి చెమటలు పట్టడంతో, పక్కనున్న బంధువు తన జేబులోని సార్బిట్రేట్ మాత్ర తీసి ఆయన నాలుక కింద పెట్టాడు. కాసేపటికే ఆయన కూలబడిపోయారు. మా దగ్గరకు చేరేసరికి పై బీపీ 70 దాటడం లేదు. ఏ మందులు వాడుతున్నారని అడిగితే, బీపీకి ఆమ్లోడిపిన్ అని మాత్రమే ఆయన భార్య చెప్పగలిగింది. ముందు రోజు రాత్రి వయాగ్రా జాతికే చెందిన టడలాఫిల్ మాత్ర వేసుకున్న సంగతి ఆమెకు తెలియదు. తేరుకున్న మూడో రోజున, గదిలో ఎవరూ లేనప్పుడు, ఆయన మెల్లగా నాతో చెప్పారు: “నిన్నటి మాత్ర ఇవాళ ఏం చేస్తుందిలే అనుకున్నానండీ.” ఆయన బతికారు. ఇలాగే దాచి బతకనివారిని కూడా చూశాను కనుక ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక భయం తీర్చాలి. బీపీ ఉన్నంత మాత్రాన అంగస్తంభన మాత్రలు పూర్తిగా నిషిద్ధం కావు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెటోప్రొలాల్ వంటివి వాడుతూ బీపీ అదుపులో ఉన్నవారిలో చాలామందికి వైద్యులు తగిన మోతాదులో వీటిని రాస్తారు. ఆమ్లోడిపిన్ వాడేవారికి సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) ఇచ్చి చూసినప్పుడు పై బీపీ సగటున 8, కింది బీపీ 7 పాయింట్లు అదనంగా తగ్గాయి. ఎక్కువమంది శరీరం ఆ మాత్రం తగ్గుదలను తట్టుకుంటుంది. అసలు ప్రాణాంతకమైన జత వేరే ఉంది.

ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్లు, అంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, రోజూ మింగే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నైట్రోగ్లిజరిన్ మాత్రలు, స్ప్రేలు, చర్మానికి అంటించే పట్టీలు, ఇవన్నీ రక్తనాళాలను సడలించే ఒక పదార్థాన్ని శరీరంలో పెంచుతాయి. వయాగ్రా జాతి మాత్రలు అదే పదార్థం విరిగిపోకుండా అడ్డుకుంటాయి. చెరువులోకి నీళ్లు వదిలి తూము మూసేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: ఆ పదార్థం పేరుకుపోయి నాళాలన్నీ ఒక్కసారిగా వదులైపోతాయి, బీపీ పాతాళానికి పడిపోతుంది, గుండెకూ మెదడుకూ రక్తం అందదు. దీనికి విరుగుడు మందు లేదు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టడలాఫిల్ వేసుకున్నాక కనీసం 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. వయసు పైబడినవారిలోనూ, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ మందు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. రోజూ నైట్రేట్ వాడేవారు ఈ మాత్రల జోలికే వెళ్లకూడదు. ఛాతీ నొప్పికే ఇచ్చే నికోరాండిల్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఈ నియమం తెలియక పోయినవారి కంటే, తెలిసినవారికి చెప్పక పోయినవారే నాకు ఎక్కువగా కనిపించారు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి నైట్రేట్ ఇవ్వడం మా చేతులకు అలవాటైన పని. మీరు మాత్ర సంగతి చెబితే ఆ ఒక్కటీ మానేసి మిగతా చికిత్సంతా చేస్తాం, గుండెపోటుకు వేరే దారులు ఉన్నాయి. మీరు దాస్తే మా చేతితోనే మీకు హాని జరుగుతుంది. సిగ్గు నాకు అర్థమవుతుంది. కోడలి ముందో, అల్లుడి ముందో అడిగితే ఎవరైనా తలదించుకుంటారు. అప్పుడు నర్సును దగ్గరకు పిలిచి చెవిలో చెప్పండి, చీటీ మీద రాసి ఇవ్వండి, కానీ దాచవద్దు. భార్యకు మాత్రం ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే స్పృహ తప్పినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆమే.

ఇంకో జత కూడా తరచుగా దెబ్బతీస్తుంది. బీపీకి ఇచ్చే ప్రజోసిన్, ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ వంటివి ఈ మాత్రలతో కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ప్రోస్టేట్ మాత్రను బీపీ మందుగా ఎవరూ లెక్కవేయరు కనుక డాక్టరుకు చెప్పడమే మరిచిపోతారు. ముందు ఆ మందు మోతాదు కుదురుకోవాలి, ఆ తరువాతే సిల్డెనాఫిల్‌ను 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి.

సమస్యకు మూలం ఒక్కోసారి బీపీ మాత్రే కావచ్చు. అటెనోలాల్, మూత్రం ఎక్కువగా పోయించే కొన్ని మందులు అంగస్తంభనను తగ్గించగలవు. అలాంటప్పుడు డాక్టరు మందు మార్చవచ్చు. మీకు మీరే ఆపవద్దు. “ఆ రోజుకి బీపీ మాత్ర మానేస్తే సరి” అన్న సలహా ఎవరు ఇచ్చినా వినవద్దు. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి కనుక గుండెజబ్బు తొలి సంకేతం అక్కడే కనిపించవచ్చు. మాత్ర అడిగేముందు గుండె పరీక్ష చేయించుకోవాలి.

గత ఆరు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు గుండె డాక్టరు అనుమతి లేకుండా వేసుకోవద్దు. బీపీ 170/110 దాటి ఉన్నా, 90/50 కంటే తగ్గి ఉన్నా వేసుకోవద్దు. బిర్యానీ వంటి నూనె భోజనం తరువాత సిల్డెనాఫిల్ ఆలస్యంగా పనిచేస్తుంది కనుక, పనిచేయలేదని రెండోది మింగవద్దు. 24 గంటల్లో ఒక్కసారే. మద్యంతో వద్దు. స్నేహితుడి మాత్ర వద్దు. గుడారాల్లో అమ్మే లేహ్యాలు, “మూలికల” పొట్లాలు వద్దు; ఇలాంటివాటిలో సిల్డెనాఫిల్ కలిపి అమ్మడం పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది, అప్పుడు మీరు ఏం మింగారో మీకే తెలియదు. ఫంగస్ మాత్రలు, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్ వాడుతుంటే ముందు డాక్టరును అడగండి. ఛాతీ నొప్పి వచ్చిన ఎవరి నోట్లోనూ మీ జేబులోని సార్బిట్రేట్ పెట్టవద్దు. స్తంభన నాలుగు గంటలు దాటినా, చూపో వినికిడో హఠాత్తుగా తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు.

కలయిక సమయంలో ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి. కళ్లు తిరుగుతుంటే వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తుగా పెట్టుకోండి. అంబులెన్సు వారితో మొదటి మాటగా మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి, ఆసుపత్రిలో డాక్టరు కనిపించగానే అదే మళ్లీ చెప్పండి.