జుట్టు పేరు మొక్కలు, 3వ పాఠం: టోపీ పెట్టుకున్న నాచు

చెట్టుకొమ్మలకు గడ్డంలా వేలాడే అస్నియాను పోయిన పాఠంలో లాగి చూశాం. పైపొర చిట్లి, లోపలి తెల్లదారం రబ్బరులా సాగితే అది లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి), నాచు కాదు. ఈసారిది అసలు నాచే: ఇంటర్ వృక్షశాస్త్రంలో ఫ్యునేరియా, స్ఫాగ్నంల పక్కన చదివిన పాలిట్రైకం. గ్రీకులో 'పాలీ' అంటే అనేకం, 'థ్రిక్స్' అంటే వెంట్రుక. ఆకులు సూదుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంటారు చాలామంది. కాదు, వెంట్రుకలన్నీ టోపీవి.

10 రెట్ల భూతద్దం, కొత్త బ్లేడు, గాజుపలక, కాసిని నీళ్లు చాలు. చివర్లో జాతి తేల్చడానికి మాత్రం మైక్రోస్కోపు కావాలి.

మొక్క కొసన సన్నని కాడ, దాని చివర గుళిక, అంటే సిద్ధబీజాల తిత్తి, కనిపిస్తాయి. గుళికను కప్పుతూ గోధుమ బంగారు రంగులో పీచు కుచ్చు ఉంటే అదే టోపీ, కాలిప్ట్రా. గోటితో పైకి లాగితే ఊడివస్తుంది. నిజానికి అది గుళిక ముక్క కాదు, తల్లిమొక్క కణజాలం. లోపలి పిండం పెరుగుతూ దాన్ని చింపి నెత్తిన మోసుకుపోతుంది. ఫ్యునేరియాకూ టోపీ ఉంటుంది గానీ నున్నగా, ముక్కు సాగి ఉంటుంది.

గుళిక పండాక టోపీ రాలిపోతుంది. అప్పుడు తెచ్చిన నమూనాతో తికమక పడతారు. అందుకే టోపీతో ఉన్నవి రెండు, ఊడినవి రెండు కలిపి తీయండి. గుత్తి మొత్తం పెకలించకండి. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఒక్కటీ ముట్టుకోకండి.

ఇక అసలు చిక్కు పోగొనేటం అనే మరో నాచుతో. ఈ పేరూ గ్రీకు 'గడ్డం' నుంచి వచ్చిందే, దీని టోపీ కూడా వెంట్రుకలదే. నీలగిరుల్లో తెగిన మట్టిగట్ల మీద ఇది కనబడుతుంది. టోపీ తీసేసి గుళికను రెండు వేళ్ల మధ్య దొర్లించండి. అంచులు వేలికి తగులుతూ పలకలుగా ఉంటే పాలిట్రైకం. నున్నగా దొర్లితే పోగొనేటం. ఎండి ముడుచుకున్న గుళికకు లేని అంచులు పుట్టుకొస్తాయి, కనుక ముందు నీళ్లలో నాననివ్వండి.

ఆకుకూ ఒక పరీక్ష ఉంది. ఎండిన మొక్కలో ఆకులు కాండానికి అతుక్కుని ఉంటాయి. నీటిచుక్క వేస్తే విచ్చుకుంటాయి. తడి ఆకును వెలుగుకు పట్టి పైవైపు చూస్తే నిలువునా సన్నని పచ్చచారలు. అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డ గోడలు, లామెల్లాలు. వాటి మధ్య గాలి నిలుస్తుంది. జాతి తేల్చాలంటే ఆకును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి: పాలిట్రైకం కమ్యూన్‌లో ప్రతి గోడ పైకణానికీ నొక్కు ఉంటుంది. తడి ఆకును గాజుపలక మీద పరచి బ్లేడుతో ఇరవై ముప్పై సార్లు తరిగి, అన్నిటికన్నా పలచని ముక్క ఏరుకోండి. ఎండాకును కోస్తే పొడి తప్ప ఏమీ మిగలదు.

నమూనాను కాగితం పొట్లంలోనే దాచండి, పాలిథిన్‌లో బూజు పడుతుంది. వచ్చే పాఠానికి నర్సరీలో 'స్పానిష్ మాస్' అని అమ్మే బూడిదరంగు తీగ జానెడు తెచ్చుకోండి. అది నాచు కాదు, అనాస కుటుంబం మొక్క. ఎలా తెలుస్తుందో అప్పుడు చూద్దాం.