చెక్కలో మొండి మేకు: ఏ పనిముట్టు ఎంచుకోవాలి, ఎలా పీకాలి?

కటింగ్ ప్లేయర్‌తో మేకులు పీకేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్లేయర్ ఉన్నది వైరు కోయడానికి, మెలిపెట్టడానికి. దాని నోరు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి మేకు కాడ మీద పట్టు జారిపోతుంది. అయినా పంతానికి పోయి అటూ ఇటూ ఊపితే తల విరిగి చేతిలోకొస్తుంది, మేకు మాత్రం చెక్కలోనే ఉండిపోతుంది. పాత ఇల్లు కూల్చినచోట తెచ్చుకున్న టేకు దర్వాజలు, హైదరాబాద్ జీడిమెట్ల ఫ్యాక్టరీల ప్యాకింగ్ చెక్కలు ఇలాగే పాడవుతున్నాయి.

కావాల్సినవి పెద్దగా లేవు. మొన గుండ్రంగా ఉండే జంబూరు (మేకులు పీకే పటకారు), వెనక పంజా ఉన్న సుత్తి, ఒక నెయిల్ పుల్లర్, రెండు మూడు చెక్క ముక్కలు, పలుచని రేకు, పదునైన చాకు, కళ్లకు రక్షణ అద్దాలు, బూట్లు. చెప్పులతో ఈ పనికి దిగొద్దు. రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపుకెళ్లినా ఇవన్నీ దొరుకుతాయి.

కొత్తవి ఎందుకనుకుంటే ఎర్రగడ్డ ఆదివారం సంతకో, జుమ్మెరాత్ బజార్‌కో వెళ్లండి. పాత జంబూరు చేతికి తీసుకోగానే మూసి, ఎండకు ఎదురుగా పట్టి చూడండి. రెండు పెదవుల మధ్య సన్నటి వెలుతురు గీత కనిపించిందా, ధర ఎంత తగ్గించినా కింద పెట్టేయండి. మధ్యలో రివెట్ వదులుగా ఊగుతున్నా అంతే. పొడవు 8 అంగుళాలకు తగ్గకూడదు. పొట్టి పిడితో బలమంతా మీ మణికట్టే పెట్టాలి.

ఇక ఏ మేకుకు ఏది? తల బయటికి కనిపిస్తుంటే, చెక్క అందం అక్కర్లేకపోతే పంజా సుత్తి చాలు. తల లేకపోయినా, కాడ కాస్త బయటికి ఉంటే జంబూరు. తల చెక్కలోకి దిగిపోతే నెయిల్ పుల్లర్. చివర వంకర తిరిగి, ఆ చివరి అంచు మధ్యలో గంటు ఉండే ఉక్కు కడ్డీ అది. రెండు పలకలు కలిపి కొట్టిన మేకులైతే పీకే పనే పెట్టుకోకండి. సందులో హాక్సా బ్లేడ్ దూర్చి కోసేయండి. సిమెంటు గోడలకు కొట్టే మేకు చెక్కలో ఉంటే దాన్ని పక్కకు వంచొద్దు. అది గట్టి ఉక్కు, వంగదు, పుటుక్కున విరిగి ముక్క ఎగురుతుంది. కళ్లద్దాలు చెప్పింది అందుకే.

అసలు కష్టం తలను మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేపడంలో ఉంది. పని చెడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ముందు మేకును లోపలికి కొట్టండి. అవును, లోపలికే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న చెక్క పోగుల్ని బిగబట్టేస్తుంది. టేకు మీద మేకు చుట్టూ కనిపించే నల్ల మచ్చ కూడా ఇనుము, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి చేసిన పనే. సుత్తితో ఒక్క దెబ్బ, అదీ చిన్నది, వేస్తే ఆ పట్టు తెగుతుంది. కొందరు కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచుతారు. దిగాల్సినంత లోతుకు అది దిగదు, పైగా మరక పడ్డచోట తర్వాత పాలిష్ పట్టదు. అంతకన్నా సోల్డరింగ్ ఐరన్ మొనను మేకు తల మీద ఒక నిమిషం ఆనించి, పూర్తిగా చల్లారనివ్వడం మేలు. ఇనుము వ్యాకోచించి మళ్లీ కుదించుకుంటుంది, పట్టు వదులుతుంది. పాలిష్ ఉన్న చెక్క మీద మాత్రం ఇది వద్దు. వానాకాలంలో అయితే తొందరపడకండి. తేమకు చెక్క ఉబ్బి ఉంటుంది. నాలుగు రోజులు పొడి నీడలో ఆరాక చూడండి.

తల లోపలికి దిగి ఉంటే దాని చుట్టూ చాకు మొనతో గుండ్రంగా గాటు పెట్టండి. ఈ గాటు లేకపోతే పుల్లర్ లేపినప్పుడు చెక్క పెచ్చు జానెడు ఊడిపోతుంది. తర్వాత పుల్లర్ గంటును తల పక్కన ఏటవాలుగా పెట్టి, సుత్తితో నెమ్మదిగా తల కిందికి దించండి. తల గంటులో కూర్చుందని చేతికి తెలుస్తుంది, చప్పుడు కూడా మారుతుంది. పుల్లర్ కింద రేకు పెట్టి కాస్త వెనక్కి వంచండి. తల పైకొచ్చిందా? ఆగండి. అక్కడే అందరూ ఆగరు. ఒక్క ఊపున గుంజడానికి ఇదేమన్నా ముల్లంగి గడ్డా?

ఇప్పుడు జంబూరు. కాడను చెక్కకు ఆనుకుని, వీలైనంత కిందగా పట్టండి. కసిగా నొక్కితే పెదవులు కాడనే కోసేస్తాయి, అందుకని జారనంత పట్టు చాలు. పైకి లాగొద్దు. జంబూరు గుండ్రటి వీపును రేకు మీద పక్కకు దొర్లించండి. కాడ కొద్దిగా పైకొస్తుంది. వదలండి, మళ్లీ కింద పట్టండి, మళ్లీ దొర్లించండి. ఆలస్యమే, కానీ మేకు దాదాపు తిన్నగా వస్తుంది, రంధ్రం పెద్దది కాదు.

మా వీధి కార్పెంటర్ భాయ్‌కి ఇదంతా నచ్చదు. "సార్, సుత్తితోనే అయిపోతది కదా, గింత సేపెందుకు?" అంటాడు. అయితది భాయ్, కానీ దర్వాజకు బొక్క పెద్దగైతది. సుత్తి పిడి నిలువు దాటిందంటే లాగుడు పైకి కాకుండా పక్కకు పోతుంది. మేకు వంగి రంధ్రాన్ని కోలగా చీలుస్తుంది, సుత్తి తల చెక్కలోకి నొక్కుకుని గుంట పడుతుంది. సుత్తే వాడాలంటే మేకు పైకొచ్చే కొద్దీ సుత్తి తల కింద చెక్క ముక్కలు ఒకటొకటిగా పేర్చుతూ పోండి. పొడవాటి మేకులకు చెక్క పిడి సుత్తి వాడకండి, మెడ దగ్గర విరుగుతుంది.

ఇన్ని చేసినా తల ఊడిపోతే తవ్వుతూ కూర్చోవద్దు. మొద్దు మొన ఉన్న పంచ్‌తో (చిన్న ఉక్కు కడ్డీ) మిగిలిన కాడను ఇంకాస్త లోపలికి దించి, రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పైన పూడ్చండి. చెక్క పలుచనైతే వెనక నుంచి బయటికి కొట్టేయవచ్చు.

పీకిన మేకును పీకినట్టే డబ్బాలో వేయండి. తుప్పు మేకు దిగిందంటే గాయం కడిగి, టీటీ ఇంజెక్షన్ సంగతి అదే రోజు డాక్టర్‌ని అడగండి. చెక్కను నునుపు పట్టడానికి మిల్లులో రందాకు పంపేముందు గట్టి అయస్కాంతం ఒకటి దారానికి కట్టి, రెండు వైపులా మెల్లగా తిప్పండి. అది ఎక్కడ చెక్క వైపు లాగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. లోపల మిగిలిన ముక్కకు రందా బ్లేడు తగిలిందంటే, బ్లేడు ఖర్చు కూడా మిల్లువాళ్లు మీ బిల్లులోనే వేస్తారు.