పాత డీజిల్ జెట్టాకి ఇంజిన్ హీటర్ బిగించుకోవడం, ఎడ్మంటన్ చలికి

కెనడాలోని ఎడ్మంటన్‌కి వచ్చిన కొత్తలో ప్రతి బండి గ్రిల్లులోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతుంటే అబ్బో ఇన్ని ఎలక్ట్రిక్ కార్లా అనుకున్నా. తర్వాత 2002 ఫోక్స్‌వ్యాగన్ జెట్టా టీడీఐ (డీజిల్ బండి) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాక, మైనస్ 30లో ఒక పొద్దున అది రెండు మూలుగులు మూలిగి ఊరుకున్నాక తెలిసొచ్చింది ఆ ప్లగ్గు దేనికో, స్టార్ట్ చేసేముందు ఇంజిన్‌ని వేడిచేసే హీటర్‌ది అది. డీజిల్‌కి స్పార్క్ ఉండదు కదా, గాలిని నొక్కితే పుట్టే వేడికే అంటుకోవాలి, ఇనప బ్లాకు అంత చల్లగా ఉంటే ఆ వేడంతా అదే లాగేసుకుంటుంది, పైగా ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీకి బలం తగ్గుతుంది. గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్ లోపల వేడిచ్చేవి) పోయుంటే మాత్రం ముందు అవి మార్చండి, హీటర్ వాటికి బదులు కాదు.

నేను పెట్టింది కూలెంట్ (ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లు) హోస్ మధ్యలో కలిపే రకం, 120 వోల్టులు, 1000 వాట్లు. బిగించేముందు మల్టీమీటర్‌తో ప్లగ్గు పిన్నుల మధ్య చూడండి, 14 ఓమ్‌ల దగ్గర చూపించాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ దించండి, కింద తొట్టి పెట్టుకోండి, అది తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం. అసలు పని ఇక్కడుంది: ఈ హీటర్‌కి పంపు లేదు, వేడి నీళ్లు వాటంతటవే పైకి పోవాలి, చల్లవి కిందనుంచి రావాలి. కాబట్టి హీటర్ ఎంత కిందకి పెడితే అంత మంచిది, నీళ్లు బయటికెళ్లే మూతి పైకి ఉండాలి, బాణం గుర్తు చూసుకోండి, హోస్ ఎక్కడా మెలిక పడకూడదు. నేను చెయ్యి అందుతుంది కదా అని మొదట పైన బిగించా, హీటరేమో కాలిపోతోంది, బ్లాకు మంచుగడ్డ, మళ్లీ సాయంత్రమంతా విప్పి బిగించడమే.

తర్వాత జీ12 అనే ఫోక్స్‌వ్యాగన్ రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి, పాత పచ్చ రకంతో కలపొద్దు. ఇంజిన్ స్టార్ట్ చేసి కారులో మనకి వేడిగాలి ఇచ్చే హీటర్ ఫుల్లుగా పెట్టి బాగా వేడెక్కనివ్వండి, గాలంతా పోవాలి, చల్లారాక తగ్గినంత మళ్లీ పోసి క్లాంపుల దగ్గర కారుతోందేమో చూడండి. అప్పటిదాకా ప్లగ్గు పెట్టారో, లోపల నీళ్లు లేకపోతే ఎలిమెంట్ మాడిపోతుంది, డబ్బులు బూడిదే.

వైరుని ఎగ్జాస్టుకీ ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా తిప్పి జిప్ టైలతో కట్టి గ్రిల్లులోంచి బయటికి తియ్యండి. ఎక్స్‌టెన్షన్ బయట వాడేదే కొనండి, 14 గేజ్ కన్నా సన్న వైరు వద్దు. రాత్రంతా పెట్టక్కర్లేదు, టైమర్ పెట్టి బయల్దేరే ముందు మూడు గంటలు చాలు, మూడు యూనిట్లు అంతే. ట్యాంకులో డీజిల్ గడ్డకడితే దీనివల్ల లాభం లేదు, చలికాలం డీజిలే కొట్టించుకోండి.

ఆ ఎక్స్‌టెన్షన్ వైరుని డ్రైవర్ డోర్ హ్యాండిల్‌కి ఒక చుట్టు చుట్టి తీసుకెళ్లండి, లేకపోతే తెల్లారి నిద్రమత్తులో గోడ సాకెట్టుతో సహా పీక్కెళ్తారు.