డ్రిప్ చుక్కల లెక్క నోటితోనే

నర్సింగ్ ఫస్టియర్ పిల్లలూ, వార్డులో సిస్టర్ డ్రిప్ రేటు అడగ్గానే ఫార్ములా కోసం తడుముకోకండి. డ్రిప్ సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) కవరు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంటే, గంటకు వెళ్లాల్సిన మిల్లీలీటర్లను 3తో భాగించండి. నిమిషానికి ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో అంటే గంటకు 125, నిమిషానికి సుమారు 42 చుక్కలు. 15 చుక్కల సెట్టయితే 4తో భాగించాలి. పిల్లల వార్డులో వాడే 60 చుక్కల మైక్రో సెట్టయితే మరీ హాయి, గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్నే చుక్కలు. కవరు పారేసే ముందే ఆ అంకె చూసుకోండి, తర్వాత చెత్తబుట్టలో వెతకడం మహా చికాకు. చుక్కల వేగాన్ని మార్చే, గొట్టం మీది రోలర్ సరిచేశాక వాచీ చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టండి. పేషెంటు చెయ్యి మడిచినా రేటు మారిపోతుంది, అందుకే కాసేపాగి మళ్లీ వెళ్లి చూడండి.