కానిస్టేబుల్ ఉద్యోగం: గ్రౌండ్‌లో, ఓఎంఆర్ మీద, సర్టిఫికెట్లలో ఎక్కడ జారిపోతారంటే

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్లలో చాలామంది ఒకే వరసలో వెళ్తారు. నోటిఫికేషన్ పడ్డాక పుస్తకాలు తీస్తారు, ప్రిలిమ్స్ (తొలి రాతపరీక్ష) ఫలితాలొచ్చాక గ్రౌండ్‌కెళ్తారు. తెలంగాణలో 2022లో ప్రిలిమ్స్ ఆగస్టు 28న జరిగింది, ఫలితాలు అక్టోబరులో వచ్చాయి, ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) డిసెంబరు 8న మొదలయ్యాయి. ఫలితం చూసి పరుగు మొదలుపెట్టినవాళ్లకు దొరికింది ఆరేడు వారాలు. ఆ వ్యవధిలో ఊపిరి కుదురుకుంటుంది గానీ పిక్కలు, మోకాళ్లు, మడమ నరాలు కుదురుకోవు. మూడో వారంలో ముంగాలి ఎముక (మోకాలి కింద, పిక్కకు ముందువైపుది) నొప్పి మొదలై, గ్రౌండ్ రోజున కుంటుతూ వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో కనిపిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు. 2022 నవంబరులో 6,100 పోస్టులకు నోటిఫికేషన్, 2023 జనవరి 22న ప్రిలిమ్స్. ఈవెంట్స్ జరిగింది మాత్రం 2024 డిసెంబరు చివర్లో, మెయిన్స్ (తుది రాతపరీక్ష) 2025 జూన్ 1న. రెండేళ్ల ఖాళీలో గ్రౌండ్ మానేసి బరువు పెరిగినవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ ఖాళీ ఆరు వారాలా, రెండేళ్లా అన్నది మన చేతిలో లేదు. అందుకే నోటిఫికేషన్ ఉన్నా లేకపోయినా వారానికి మూడు రోజులు పరుగు ఆపకండి.

ముందు కొలతలు

కోచింగ్ ఫీజు కట్టేముందు ఎత్తు కొలిపించుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ పురుషులకు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5. ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు ఇది పురుషులకు 160, మహిళలకు 150. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులకు ఛాతీ కొలత కూడా ఉంది: పూర్తిగా గాలి పీల్చినప్పుడు 86.3 సెంటీమీటర్లు, అందులో వ్యాకోచం కనీసం 5. అక్కడే మహిళలకు బరువు 40 కిలోలకు తగ్గకూడదు.

ఇంటి గోడ మీద గీసిన గీతను నమ్మకండి. చెప్పులు లేకుండా, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి, చూపు నేరుగా పెట్టి కొలిపించుకోవాలి. పొద్దున లేవగానే ఉన్న ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య మెత్తటి భాగం నలుగుతుంది కాబట్టి. సరిహద్దులో ఉన్నవాళ్లు రెండు వేళల్లోనూ కొలుచుకోండి. సాయంత్రం కూడా 167.6 వస్తే నిశ్చింత. పొద్దున మాత్రమే వస్తే, గ్రౌండ్ రోజున వంతు వచ్చేదాకా గంటలకొద్దీ నిలబడి తిరగకుండా కూర్చోండి. ఇరవై దాటిన తర్వాత ఎత్తు పెంచుతామనే పొడులు, మాత్రలు డబ్బు దండగ.

మహిళలు కొప్పు పెట్టుకుని వెళ్తే అక్కడే విప్పిస్తారు, జడ వదులుగా కిందికి వేసుకోండి. 2022 ఈవెంట్స్‌లో మహబూబ్‌నగర్‌లో ఒక అభ్యర్థి ఎత్తు కోసం జుట్టు కింద మైనం అంటించుకొచ్చారు. ఎలక్ట్రానిక్ యంత్రం సెన్సర్ స్పందించకపోవడంతో దొరికిపోయి అనర్హురాలయ్యారు.

ఛాతీ వ్యాకోచానికి మార్గం ఊపిరి సాధన, పుష్ అప్స్. కొలిచేటప్పుడు చేసే తప్పు ఒకటే: ముందే సగం గాలి నింపుకుని నిలబడటం. అప్పుడు మొదటి కొలత పెరుగుతుంది, 5 సెంటీమీటర్ల తేడా రాదు. పూర్తిగా వదిలి, టేపు బిగిశాక, పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా పీల్చాలి. పొట్ట ఉబ్బిస్తే ఛాతీ కొలత కదలదు.

1600 మీటర్లు

తెలంగాణలో 2022 నుంచి పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికీ 1600 మీటర్లే, పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు.

7:15 అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండ్‌కు 108 సెకన్లు. ఇదేమీ గొప్ప వేగం కాదు. ఫెయిలయ్యేవాళ్లలో ఎక్కువమంది నిదానంగా పరుగెత్తి ఫెయిలవ్వరు, మొదటి రౌండ్ 80 సెకన్లలో కొట్టేసి మూడో రౌండ్‌లో నడక దిగి ఫెయిలవుతారు. గుంపులో విజిల్ పడగానే ముందున్నవాడి వెంట పడటం మన కాళ్లకు అలవాటు. మొదటి 200 మీటర్లలో మీ వెనక కనీసం పదిమంది ఉండాలి, మీ ముందు కూడా పదిమంది ఉండాలి.

సాధనలో లక్ష్యం 6:40, అంటే రౌండ్‌కు 100 సెకన్లు. పరీక్షరోజు కొత్త గ్రౌండ్, నిద్రలేమి, కంగారు కలిసి పదిహేను ఇరవై సెకన్లు తినేస్తాయి. ఆ మేరకు చేతిలో ఉండాలి.

పన్నెండు వారాలు ఇలా నడపండి. మొదటి మూడు వారాలు వేగం ఊసే వద్దు. వారానికి నాలుగు రోజులు, 20 నిమిషాలతో మొదలుపెట్టి 35 నిమిషాల దాకా, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. నాలుగో వారం నుంచి ఒకరోజు ఇంటర్వెల్స్: 400 మీటర్లు 100 సెకన్లలో, 90 సెకన్లు నడక, ఇలా నాలుగుసార్లతో మొదలుపెట్టి ఎనిమిదో వారానికి ఆరు సార్లకు. ఇంకోరోజు 4 నుంచి 5 కిలోమీటర్ల నెమ్మది పరుగు. మూడో రోజు 800 మీటర్లు రెండుసార్లు, మధ్యలో 4 నిమిషాలు విరామం. రెండు వారాలకొకసారి మాత్రమే పూర్తి 1600కు స్టాప్‌వాచ్ పెట్టండి. రోజూ టైం చూసుకునేవాళ్లు ఎదగరు, అలిసిపోతారు. చివరి వారం దూరం సగానికి తగ్గించి, ఈవెంట్స్‌కు ముందు రెండు రోజులు కాళ్లకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

తారు రోడ్డు మీద, అరిగిన బూట్లతో పరుగెత్తడమే ముంగాలి ఎముక నొప్పికి మొదటి కారణం. హైస్కూల్ మట్టి గ్రౌండ్ చాలు. నొప్పి ఎముక వెంబడి అంతటా ఉంటే వారం విశ్రాంతి, ఐస్, తర్వాత సగం దూరంతో మళ్లీ మొదలు. వేలితో నొక్కితే ఒకే చోట పొడిచినట్టుంటే అది ఎముకలో చీలిక కావచ్చు, ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని పరుగెత్తడం మాత్రం వద్దు, నొప్పి తెలియక గాయం పెద్దదవుతుంది.

తెలంగాణలో 800 మీటర్లు పరుగెత్తే మహిళలకు గంటకు 9 కిలోమీటర్ల వేగం సరిపోతుంది, జాగింగ్ కన్నా కాస్త ఎక్కువ. వాళ్లు సమయం పెట్టాల్సింది షాట్‌పుట్ మీద.

రిజల్ట్ చెప్పేది కాలికో ఒంటికో కట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్. అది గీత దాటిన క్షణమే లెక్క. గీత కనిపించగానే వేగం తగ్గించకండి, పది మీటర్లు అవతలికి పరుగెత్తండి.

లాంగ్ జంప్, షాట్‌పుట్

తెలంగాణ లాంగ్ జంప్ పురుషులకు 4 మీటర్లు, మహిళలకు 2.5. అంతకుముందు పురుషులకు 3.8 ఉండేది. ఆ 20 సెంటీమీటర్లు పెంచినందుకు 2022లో అభ్యర్థులు రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులకు 3.8, మహిళలకు 2.75. సివిల్ పోస్టులకు అక్కడ 1600తో పాటు 100 మీటర్లు, లాంగ్ జంప్‌లలో ఒకటి పాసైతే సరిపోతుంది. 100 మీటర్లు పురుషులకు 15 సెకన్లు, మహిళలకు 18. ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు బెటాలియన్లు) పోస్టులకు మూడూ తప్పనిసరి.

4 మీటర్లు దూకే కాళ్ల బలం చాలామందికి ఉంటుంది. పోయేది రెండుచోట్ల. ఒకటి టేకాఫ్: భయంతో గీతకు అడుగు వెనక నుంచే లేస్తారు, 30 సెంటీమీటర్లు అక్కడే పోయాయి. రెండోది దిగడం: ఇసుకలో పడ్డాక చెయ్యి వెనక్కి ఆనిస్తారు. కొలత గీతకు దగ్గరగా ఉన్న గుర్తు నుంచి తీస్తారు కాబట్టి, కాళ్లు 4.20 దగ్గర పడినా చెయ్యి 3.85 దగ్గర ఆనితే మీది 3.85.

రన్‌అప్ కొలుచుకోండి. గీత మీద నిలబడి వెనక్కి తిరిగి, నిజంగా దూకేంత వేగంతో 13 అంగలు పరుగెత్తండి. పదమూడో అంగ పడ్డచోట స్నేహితుణ్ణి గుర్తు పెట్టమనండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి, అదే మీ మొదలు. ఆ దూరాన్ని అడుగులతో కొలిచి గుర్తుంచుకుంటే ఏ గ్రౌండ్‌లోనైనా పెట్టుకోవచ్చు. గాలిలో మోకాళ్లు ఛాతీ వైపు లాగి, దిగేటప్పుడు చేతులు ముందుకు విసరండి, ఒళ్లు ముందుకే పడుతుంది. మొదటి ప్రయత్నం గీతకు అరడుగు ముందే లేచినా సరే, ఫౌల్ కాని దూకుడు ఒకటి ఖాతాలో పడనివ్వండి.

షాట్‌పుట్ తెలంగాణలో పురుషులకు 7.26 కిలోలు, 6 మీటర్లు. మహిళలకు 4 కిలోలు, 4 మీటర్లు. గుండును క్రికెట్ బంతిలా విసిరితే ఫౌల్, పైగా మోచేయి పట్టేస్తుంది. గుండు అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద ఉండాలి. మెడకు ఆనించి, మోచేయి పైకెత్తి, లక్ష్యానికి పక్కగా నిలబడి, వెనక కాలు వంచి, నడుము తిప్పుతూ నెట్టాలి. బలం కాళ్ల నుంచి వస్తుంది, చెయ్యి చివర్లో తోస్తుందంతే. గుండు వదిలాక వలయం ముందు నుంచి బయటికి అడుగేస్తే ఎంత దూరం పడినా లెక్కలోకి రాదు. నిలదొక్కుకుని వెనక సగం నుంచే బయటికి రండి. వారానికి మూడు రోజులు, రోజుకు 15 నుంచి 20 త్రోలు చాలు. స్క్వాట్స్, పుష్ అప్స్ దీనికి తోడు. చాలామంది ఊళ్లో దొరికే తేలిక గుండుతో సాధన చేసి అసలు బరువు చూసి తెల్లబోతారు.

పేపరు

ప్రిలిమ్స్‌లో 200 ప్రశ్నలు, 3 గంటలు. ఓఎంఆర్ (జవాబుల గడులుండే షీటు) దిద్దడానికి 15 నిమిషాలు తీసేస్తే బిట్‌కు 50 సెకన్లు కూడా ఉండవు. అర్థమెటిక్, రీజనింగ్‌లోనే సమయం తినేసే బిట్లుంటాయి. ముందు జీకే, పాలిటీ, చరిత్ర, భూగోళం, సైన్స్ గంటలోపు దులిపేసి, లెక్కలకు గంటన్నర ఉంచుకోండి. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తి, కాలం–పని, కాలం–దూరం, వడ్డీ: ఈ ఆరూ చేతికొస్తే అర్థమెటిక్‌కు వెన్నెముక వచ్చినట్టే. ఇరవై దాకా ఎక్కాలు, ముప్ఫై దాకా వర్గాలు నోటికి రావాలి. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లీషు భాగాన్ని వదిలేస్తారు, అది తప్పు. వచ్చేది పదో తరగతి వ్యాకరణమే, రోజుకు అరగంట మూడు నెలలు పెడితే మార్కులు వస్తాయి.

తెలంగాణలో 2022 ప్రిలిమ్స్‌లో ఐదు తప్పులకు ఒక మార్కు కోత పెట్టారు. ఈ లెక్క తెలియక చాలామంది భయపడి యాభై బిట్లు వదిలేశారు. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా కాదని తెలిస్తే మిగిలిన మూడింట్లో ఊహించడం లాభమే: మూడు ప్రశ్నలకు సగటున 1 మార్కు వస్తుంది, 0.4 పోతుంది. కోత రేటు నోటిఫికేషన్‌లో చూసుకుని ఇలాగే లెక్కేసుకోండి.

ఓఎంఆర్‌ను చివర్లో ఒకేసారి దిద్దుదామనుకునేవాళ్లకు వరస తప్పడం సర్వసాధారణం. 87వ ప్రశ్న వదిలేసి 88 జవాబును 87లో దిద్దితే అక్కణ్ణుంచి అన్నీ పోతాయి. పేజీకొకసారి దిద్దుతూ పోండి.

సివిల్‌లో చివరి మెరిట్ మెయిన్స్ మార్కుల మీదే. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), బెటాలియన్ పోస్టులకు ఈవెంట్స్‌లోనూ మార్కులుంటాయి. పరుగులో బలంగా ఉండి పేపరులో యావరేజ్ అయినవాళ్లు ఆ పోస్టులను ఆప్షన్లలో వదులుకోకూడదు.

సర్టిఫికెట్లు, కళ్లు, కేసులు

తెలంగాణలో లోకల్ హోదా ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి తేలుతుంది. మూతపడిన ప్రైవేటు స్కూళ్ల బోనఫైడ్ కోసం తిరగడానికి నెలలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి. బీసీలు కుల ధ్రువీకరణతో పాటు నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదని చెప్పే) సర్టిఫికెట్‌ను నోటిఫికేషన్‌లో అడిగిన తేదీ తర్వాతది తీసుకోవాలి, పాతది చెల్లదు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్పించుకోండి.

రంగులు గుర్తించలేని లోపం, మెల్లకన్ను, చదును పాదం, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, ఉబ్బిన కాలి నరాలు మెడికల్‌లో తిరస్కరణకు కారణాలు. రంగుల లోపం చాలామందికి ఆ రోజే తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలో రంగుచుక్కల పుస్తకం చూపించి ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. రెండేళ్ల కష్టానికి ముందే అడిగి చూపించుకోండి.

ఇక అటెస్టేషన్ ఫారం, అంటే మీ పూర్వాపరాలు రాసిచ్చే పత్రం. కేసు ఉందా అన్న గడిలో కొట్టేసిన కేసైనా, రాజీ పడ్డ కేసైనా రాయాలి. స్పెషల్ బ్రాంచ్ వాళ్లు మీ స్టేషన్ రికార్డు చూస్తారు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్నతనంలో నినాదాలు చేసిన కేసులాంటి స్వల్ప విషయాన్ని అధికారులు మన్నించవచ్చు. తీవ్రమైన కేసును నిజాయితీగా రాసినా నియామకం ఇవ్వాలన్న నిర్బంధం లేదు, కానీ దాచిపెట్టి దొరికితే ఎంపికైన ఉద్యోగాన్నీ రద్దు చేయవచ్చు. కేసు ఉన్నవాళ్లు ఎఫ్‌ఐఆర్ నకలు, తీర్పు సర్టిఫైడ్ కాపీ కోర్టు నుంచి ముందే తెచ్చుకుని ఫారంకు జతచేయండి.