ఒకే రాత్రి రెండు ఒంటిగంటన్నరలు

నవంబర్ మొదటి ఆదివారం మా లాగ్ టేబుల్‌లో కొన్ని జాబ్‌లు (సర్వర్ తనంతట తాను నడిపే పనులు) మొదలవకముందే ముగిసినట్టు కనిపించాయి! సర్వర్ న్యూయార్క్ టైమ్‌లో నడుస్తోంది. ఆ రాత్రి అక్కడి వేసవి సమయం (డేలైట్ సేవింగ్) ముగిసి 2 గంటలకు గడియారం మళ్లీ 1కి వెళ్తుంది కాబట్టి 1:30 రెండుసార్లు వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఆ సమయం కాలమ్‌లో టైమ్ జోన్ లేదు, ఏ 1:30 ఏదో దానికెలా తెలుస్తుంది?

కాలమ్‌ను టైమ్ జోన్‌ను లెక్కలోకి తీసుకునే 'టైమ్‌స్టాంప్‌టీజెడ్' రకంగా మార్చాను. మార్చేటప్పుడు పాత విలువలు న్యూయార్క్‌వని 'ఎట్ టైమ్ జోన్'తో చెప్పాలి, లేకపోతే సెషన్ జోన్‌నే (ఆ కనెక్షన్‌కు పెట్టిన టైమ్ జోన్) పట్టుకుంటుంది. పేరు చూసి జోన్ కూడా దాస్తుందనుకుంటారు గానీ, లోపల ఉండేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మాత్రమే. ఆ గంట రికార్డులను ఐడీ వరుస చూసి చేత్తోనే సరిచేశాను, విసుగు పని.

రాబోయే తేదీల అపాయింట్‌మెంట్లకు ఇది చాలదు, ఎందుకంటే ప్రభుత్వాలు గడియారం మార్పు రూల్స్ మారుస్తుంటాయి. వాటికి స్థానిక సమయంతో పాటు 'అమెరికా/న్యూయార్క్' అనే జోన్ పేరు దాస్తున్నాను. యూటీసీకి మైనస్ 5 గంటలు అని రాసి పెడితే వేసవిలో గంట తేడా వస్తుంది.