ఎండాకాలం అపార్ట్‌మెంటులో నీళ్ల కోత పెట్టడం ఎలా

మాది గుంటూరు బ్రాడీపేట. 20 ఫ్లాట్లు, 68 మంది మనుషులం. ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటరులో నోట్లు లెక్కపెట్టి రిటైరయ్యాక నన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారు. చేశారంటే, ఆ మీటింగుకి టైముకి వెళ్లింది నేనొక్కదాన్నే. అప్పట్నుంచి మూడు ఎండాకాలాలు ఈ 68 మందికీ నీళ్ల కోత పెట్టి, కొన్ని తిట్లు తిని, ఒక ఏడాది పూర్తిగా చేతులు కాల్చుకుని నేర్చుకున్నది రాస్తున్నాను. మీ అపార్ట్‌మెంటుకీ ఎవరో ఒకరు సెక్రటరీ ఉంటారు కదా, వాళ్లకి పనికొస్తుంది.

ముందు ఒక మాట. "దయచేసి నీటిని పొదుపుగా వాడండి" అని లిఫ్టు పక్కన కాగితం అంటించకండి. నేను అంటించాను. ఎవరింట్లో వాళ్లు "మనం పొదుపుగానే వాడుతున్నాం, ఇది పైవాళ్లకి" అనుకున్నారు. ఎంత ఉందో, ఎంత వాడుతున్నారో అంకె చెప్పకుండా పొదుపు అంటే ఎవరికీ ఎక్కదు.

సంపులో కర్ర

కాబట్టి మొదటి పని, కర్ర. పాతరోజుల్లో కిరసనాయిలు డిపో వాళ్లు పీపాలో దించేవాళ్లే, అలాంటిది. ఏడడుగుల వెదురు కర్రకి అంగుళం అంగుళానికి పెయింటుతో గీతలు పెట్టించండి. సంపు పొడవు, వెడల్పు లోపలి వైపు టేపు పెట్టి కొలవండి. మాది 12 అడుగులు, 8 అడుగులు, లోతు 6. ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. ఆ లెక్కన మా సంపులో ఒక్క అంగుళం నీళ్లంటే 226 లీటర్లు. ఈ ఒక్క అంకె దొరికితే మిగతావన్నీ నోటిలెక్కలే. మాకు బోరు నీళ్లూ, పంపు నీళ్లూ (అంటే మునిసిపాలిటీ వదిలేవి) ఒకే సంపులో పడతాయి. మీకు వేరువేరుగా ఉంటే రెండింటికీ విడివిడిగా కొలుచుకోండి.

వాడకం తెలుసుకోవడానికి, పంపు రాని రోజు చూసి బోరు ఆపేయండి. పైట్యాంకు నిండా పట్టి, కర్ర దించి అంకె రాసుకోండి. సరిగ్గా 24 గంటలకి పైట్యాంకు మళ్లీ నిండా పట్టి కర్ర దించండి. రెంటికీ తేడాయే మీ ఒక రోజు వాడకం. మొదటిసారి మాకు 55 అంగుళాలు వచ్చింది. అంటే 12,430 లీటర్లు, మనిషికి దాదాపు 183. నగరాల్లో నీళ్ల పథకాలకి మనిషికి రోజుకి 135 లీటర్లని లెక్క వేస్తారు. ఈ రెండు అంకెలూ మీటింగులో చదివితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత రాబడి. పంపు వచ్చిన గంటలో సంపు ఎన్ని అంగుళాలు పెరిగిందో చూడండి. మాకు 18, అంటే నాలుగు వేల లీటర్లు. ఎండాకాలం మా వీధికి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి రోజుకి రెండు వేలే వేసుకోవాలి. బోరుకి 20 లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. జనవరిలో మా బకెట్టు 40 సెకన్లకి నిండేది, ఏప్రిల్ ఆఖరుకి 65. పైగా నలభై నిమిషాలు తోడితే గాలి కొడుతుంది, ఆపి రెండు మూడు గంటలు ఊరనివ్వాలి. రోజుకి ఐదు విడతలు తోడితే 3,700 లీటర్లు. గాలి కొడుతున్నా మోటారు ఆపకపోతే కాలిపోతుంది. ఆ రివైండింగు ఖర్చుతో ఎన్ని ట్యాంకర్లు వస్తాయో నాకు తెలుసు, అడక్కండి.

రెండూ కలిపితే 5,700. మూడు రోజులకొక 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పిస్తే రోజుకి ఇంకో 1,660. మొత్తాన్ని 68తో భాగిస్తే మనిషికి 108 చిల్లర. ఈ అంకె చెప్పగానే మొదటి అంతస్తు పిన్నిగారు "అష్టోత్తరం లాగుంది, బాగుందమ్మా" అన్నారు. అంతే, అందరికీ గుర్తుండిపోయింది. 110 అని గుండ్రంగా చెప్పుంటే ఎవరికీ గుర్తుండేది కాదేమో.

ప్రతి ఏడూ ఒకరు లేచి "ఇంకో బోరు వేయిద్దాం" అంటారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకి అనుమతి కావాలి. అదొచ్చినా, మా గోడ అవతల అపార్ట్‌మెంటు బోరూ మా బోరూ ఒకే కుండలో ముంచుకుంటున్న రెండు చెంబులు. మూడో చెంబు వేస్తే కుండ పెద్దదవదు. పంపు నీళ్లయినా అంతే. మనకొచ్చేది ఉండవల్లి దగ్గర కృష్ణలో తోడి, తక్కెళ్లపాడులో శుద్ధి చేసి పంపే నీళ్లు. 2012లో గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెం లాంటి పది ఊళ్లు నగరంలో కలిశాయి. ఇప్పుడక్కడంతా అపార్ట్‌మెంట్లే. ఉన్నది అందరం పంచుకోవాలి.

వాల్వు కట్టేయకండి

నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. మొదటి ఏడాది ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా పైట్యాంకు వాల్వు కట్టేశాం. అందరు సెక్రటరీలూ చేసే పనే. వారం తర్వాత కర్ర దించితే వాడకం తగ్గలేదు సరికదా, రోజుకి 3 అంగుళాలు పెరిగింది. కర్ర తప్పేమోనని వాచ్‌మన్ చేత రెండుసార్లు దించాను.

కారణం ఇళ్లలోకి వెళ్లి చూస్తే తెలిసింది. పదింటికి నీళ్లు ఆగిపోతాయని తొమ్మిదిన్నరకే ప్రతి ఇంట్లో బకెట్లు, టబ్బులు, ఆఖరికి కుక్కర్లు కూడా నింపేస్తున్నారు. సాయంత్రం పంపు తిప్పితే కొత్త నీళ్లు వస్తాయి కదా, పొద్దుటివి "నిలవ నీళ్లు" అని పారబోస్తున్నారు. పైగా నీళ్లు రానప్పుడు తిప్పి చూసిన పంపు కట్టేయడం మర్చిపోయి ఆఫీసులకి వెళ్తున్నారు. నాలుగింటికి వాల్వు తెరవగానే తాళం వేసిన ఇళ్లలో పంపులు ధారగా పోతున్నాయి.

వాల్వు కట్టేయడం మానేసి, ధార సన్నం చేశాం. పైట్యాంకు నుంచి దిగే నీళ్లు కింది అంతస్తులో జోరుగా, పై అంతస్తులో నీరసంగా వస్తాయి. బకెట్టు పెట్టి చూస్తే గ్రౌండ్ ఫ్లోరులో నిమిషానికి 14 లీటర్లు, నాలుగో అంతస్తులో 6. కింది వాళ్లు దుబారా మనుషులని కాదు, వాళ్ల పంపు అలా ఉంది. ప్రతి బాత్రూముకీ వంటింటికీ లోపలికొచ్చే పైపుకి స్టాప్‌కాక్ ఉంటుంది. ప్లంబరుని ఒక పూట పెట్టుకుని, ఏ ఇంట్లో అయినా 20 లీటర్ల బకెట్టు రెండున్నర నిమిషాలకి నిండేలా తిప్పించండి. నాలుగో అంతస్తు వాళ్ల జోలికి వెళ్లక్కర్లేదు, వాళ్లకి ఎప్పుడూ కోతే. ఈ ఒక్క పనితో మాకు రోజుకి 11 అంగుళాలు తగ్గింది. ఎవరికీ కొత్త నియమం చెప్పే పని కూడా లేకపోయింది.

నియమాలు ఎన్ని పెట్టాలి

తక్కువ. మావి మూడే. పైపుతో బళ్లు కడగకూడదు, మెట్లూ సెల్లారూ తడిగుడ్డతో తుడవడమే, వాషింగ్ మెషీన్ నిండితేనే వేయాలి. కారు సంగతి మూడో అంతస్తు మాస్టారికి నచ్చలేదు. ఆయన రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని కారుకి అభిషేకం చేస్తారు. వాదించలేదు, ఆయన పైపు కిందే బకెట్టు పెట్టాను. నిమిషానికి 14 లీటర్లు, పన్నెండు నిమిషాలకి 168. "మాస్టారూ, ఇది ఒక మనిషిన్నర రోజు నీళ్లండీ" అన్నాను. లెక్కల మాస్టారు కావడం కలిసొచ్చింది. మర్నాటి నుంచి అరబకెట్టూ గుడ్డా.

ఫ్లష్ ట్యాంకులో లీటరు సీసా నిండా నీళ్లు పోసి మూతబిగించి పెట్టమనండి. మనిషి రోజుకి ఐదుసార్లు నొక్కినా 68 మందికి 340 లీటర్లు, అంగుళంన్నర. ఆర్వో మిషను నుంచి వెళ్లే నీళ్లని బకెట్టులోకి మళ్లిస్తే బాత్రూములు కడగడానికి వస్తాయి. మొక్కలకి మాత్రం రోజూ పోయకండి, మన బోరు నీళ్ల ఉప్పంతా దాన్లోనే ఉంటుంది. ఏసీ నీళ్లు మొక్కలకి మంచివి.

అంట్ల దగ్గర నీళ్లు ఎక్కువ పోతాయి, అక్కడ పంపు పనమ్మాయి చేతిలో ఉంటుంది. ఆమెకి పొదుపు చెప్పబోతే నవ్వింది. "అమ్మగారూ, మా పేటలో రెండు బిందెలకి గంట నిలబడి వస్తాను. నాకు చెప్తారేంటి? టబ్బులు ఇప్పించండి మీ వాళ్ల చేత." నిజమే. చాలా ఇళ్లలో ఆమెకి సింకు తప్ప ఇంకేం ఇవ్వరు. ఫ్లాటుకి మూడు టబ్బులు పెట్టించాం. మొదటిదాన్లో ఎంగిలి వదిలించి, తోమాక రెండో దాన్లో జాడించి, మూడో దాన్లో ముంచి తీయడం. ఆమె చెప్పిన పద్ధతే.

మినహాయింపులు ముందే రాసి పెట్టండి. చంటిపిల్లలున్న ఇల్లు, మంచంలో పెద్దవాళ్లున్న ఇల్లు, ఇంట్లో శుభమో అశుభమో జరిగిన రోజు, వీటికి లెక్క లేదు. ఇంకోటి కూడా మా మినిట్స్ పుస్తకంలో ఉంది: ఆవకాయ పెట్టే రోజు ఫ్లాటుకి రెండు బకెట్లు అదనం. గుంటూరులో ఉండి మే నెలలో కాయలు కడగొద్దంటే సెక్రటరీ పదవి ఆ సాయంత్రమే ఊడుతుంది. సొన వదిలిన ఆ నీళ్లు మాత్రం పారబోయకుండా సెల్లారు తుడవడానికి కిందికి పంపాలి.

ట్యాంకరు వచ్చినప్పుడు

పైపు సంపులో పెట్టకముందు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి కర్ర దించండి. ఆ కాసేపూ పైకి తోడే మోటారు ఆపి ఉంచాలి. మా సంపులో 5,000 లీటర్లు పడితే 22 అంగుళాలు పెరగాలి. ఒకసారి 19 పెరిగింది. అంటే 4,300. డ్రైవరుకి కర్ర చూపించి "బాబూ, ఏడొందల లీటర్లు దారిలో ఎవరు తాగారు?" అన్నాను. తల గోక్కుని డబ్బు తగ్గించుకున్నాడు. తర్వాతి నుంచి 22 వస్తోంది.

ట్యాంకరు నీళ్లు ఎక్కడివో తెలియదు కాబట్టి బ్లీచింగ్ తప్పదు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు చాలు. పొడి సంపులో చల్లేయకుండా, ప్లాస్టిక్ బకెట్టులో కొంచెం నీళ్లతో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే పోయాలి. గంట ఆగి పైకి తోడుకోవాలి. పొట్లం పాతదైతే ఘాటు పోతుంది, వాసన చూసి కొనండి.

నీళ్లు తక్కువొస్తున్నాయని పంపు లైనుకి నేరుగా మోటారు బిగించే ఆలోచన ఎవరికైనా వస్తే గట్టిగా ఆపండి. పట్టుకుంటే మోటారు తీసుకుపోతారు, అది చిన్న విషయం. విడతకీ విడతకీ మధ్య గొట్టం ఖాళీగా ఉంటుంది. మోటారు పీల్చినప్పుడు ఎక్కడ పగులుంటే అక్కడ పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. 2018 మార్చిలో ఈ ఊళ్లో అతిసారం వచ్చి మనుషులు పోయారు. ఆ రోజులు చూసినవాళ్లం. పంపు రాగానే మొదటి ఐదు నిమిషాల నీళ్లు విడిగా డ్రమ్ములో పట్టి తుడవడానికి వాడండి.

డ్రమ్ములకి మూతలుండాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా ఎనిమిది పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఖాళీ చేసి లోపల గీకితే చాలు. మేం శుక్రవారం పెట్టుకున్నాం. ఎలాగూ ఇల్లు తుడుచుకునే రోజే.

ఎత్తేసే రోజు

కోత ఎప్పుడు పోతుందో కోత పెట్టిన రోజే బోర్డు మీద రాయండి. లేకపోతే తాత్కాలికం అన్న మాట ఎవరూ నమ్మరు, జూన్ కల్లా ఎవరి దారి వాళ్లది. "వానలు పడ్డాక" అని రాయకండి. రోహిణి కార్తె వెళ్లి రెండు వానలు కురవగానే జనం ఎత్తేయమంటారు, కానీ బోరుకి ఆ వాన తెలిసేసరికి చాలా రోజులు పడుతుంది. మేం రాసేది ఇదీ: పంపు రోజూ రావాలి, బోరు బకెట్టు వరసగా మూడు ఆదివారాలు 45 సెకన్ల లోపు నిండాలి. ఆదివారం పొద్దున ఏడింటికి ఎవరైనా వచ్చి చూడొచ్చు. పిల్లలు స్టాప్‌వాచీతో వస్తారు.

పోయినేడు జూలైలో మూడో ఆదివారం 43 వచ్చింది. అక్కడే బోర్డు తుడిచేశాను. నేను మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేలోపే మాస్టారు కారు బయటికి తీశారు, చేతిలో పైపు. పైనుంచి చూసి ఏమీ అనలేదు. కోత లేదు కదా మరి.